పోయిన సీజన్ పత్తి రేటు, మీ డీమ్యాట్ ఖాతా

ప్రశ్న: సార్, నాకు 41 ఏళ్లు. కల్వకుర్తి దగ్గర ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. 2023 చివర్లో ఒక స్నేహితుడిని చూసి డీమ్యాట్ ఖాతా తెరిచాను. సొంత డబ్బు నాలుగు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది రెండు లక్షలు, మొత్తం ఆరు లక్షలు పెట్టాను. 2024 సెప్టెంబర్‌లో ఫోన్లో 7.6 లక్షలు చూపించింది. తర్వాత పడటం మొదలైంది. లాభంలో ఉన్న ఒక బ్యాంకు షేరు, ఒక మ్యూచువల్ ఫండ్ అమ్మేస్తే లక్షన్నర వచ్చింది. పోయింది రాబట్టుకుందామని ఆ డబ్బుతో ఆప్షన్లు (షేరు రేటు పెరుగుతుందా, పడుతుందా అని పందెం లాంటి బేరాలు) ఆడాను. 1.4 లక్షలు పోయాయి. ఇప్పుడు మిగిలినవి అయిదు చిన్న కంపెనీల షేర్లు. 4.8 లక్షలకు కొన్నవి 2.7 లక్షలకు దిగాయి. అందులో ఒకటి నా దుకాణంలో అమ్మే మందుల కంపెనీయే, దాని విలువ 60 వేలు. అమ్మాయి కోసమని బ్యాంకులో వేసిన మూడు లక్షల ఎఫ్‌డీ ఉంది, దాన్ని ముట్టలేదు. షేర్లు పడ్డాయని మా ఆవిడకు తెలుసు. ఆప్షన్ల సంగతి, వడ్డీ అప్పు సంగతి తెలియవు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. దుకాణంలో రూపాయి లెక్క కూడా తప్పనివాడిని, ఇక్కడ ఎందుకిలా చేశాను? కొన్న రేటు వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే అమ్మేయాలా?

ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం: మీది మా తమ్ముడి వయసు. అయినా దుకాణం మీద కూర్చున్న మనిషిని నువ్వు అనడం నాకు చేతకాదు, మీరు అనే రాస్తాను.

ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు. మందుల కంపెనీ షేరు సంగతి తర్వాత చూద్దాం. మిగతా నాలుగూ అమ్మేయండి. 2.1 లక్షలు వస్తాయి. ఆ రెండు రూపాయల అప్పు తీర్చేయండి. కొన్న రేటు కోసం ఆగొద్దు. ఈ మాట చదవగానే మీకు కడుపులో తిప్పినట్టు అయి ఉంటుంది. ఎందుకలా అవుతుందన్నదే మీ మొదటి ప్రశ్న, కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

మాది చండూరు పక్కన ఊరు. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, వ్యవసాయం తమ్ముడు చూసుకుంటాడు. 2022 మొదట్లో పత్తి క్వింటాల్ పది వేలు దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మీ ఉద్దెర ఖాతాలు కూడా తొందరగానే తీరి ఉంటాయి. మా వాడు మాత్రం ఆ రేటు రాకముందే సగానికి పైగా అమ్ముకున్నాడు. ఆ బాధ వాడికి లోపల ఉండిపోయింది. తర్వాతి సీజన్‌లో నలభై క్వింటాళ్ల పత్తి ఏరించాడు. నవంబర్‌లో వ్యాపారి వచ్చి, ఇంటి ముందే కాంటా పెడతా, 8,300 ఇస్తా అన్నాడు. అప్పటి మద్దతు ధర 6,380. దాని మీద దాదాపు రెండు వేలు ఎక్కువ. మా వాడు తల అడ్డంగా ఊపాడు. "పోయినేడు పది వేలు పలికిన పత్తి ఎనిమిది వేలకు ఎట్ల ఇస్త?"

అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ "ఇంకో నెల చూద్దాం లేరా" అన్నది నేనే. వేలమందికి అప్పులిచ్చి వసూలు చేసిన బ్యాంకు మనిషిని.

పత్తిని ముందు గదిలో పోశారు. ముందు కిటికీ దాకా, తర్వాత దూలాల దాకా వచ్చింది. టీవీ తీసి వంటింట్లో పెట్టారు. పిల్లలు వరండాలో పడుకున్నారు. సంక్రాంతి నాటికి రేటు 7,800కు వచ్చింది. ఎనిమిది వేలకే ఇవ్వనివాడు దానికి ఇస్తాడా? ఇక్కడొక చిత్రం చూడండి. నవంబర్‌లో వాడి మనసులో ఉన్న రేటు పది వేలు. జనవరికి అది 8,300 అయింది. "కనీసం ఆ రేటన్న రావాలె" అనేవాడు. తను వద్దన్న రేటే తనకు ఎవరో బాకీ పడ్డట్టు మాట్లాడేవాడు. మార్చికల్లా ఇంట్లో అందరికీ ఒళ్లంతా దురదలు. దీపం పెడితే గదిలోంచి సన్న పురుగులు వచ్చి చుట్టూ ముసిరేవి. తెల్లటి పత్తి మీద పసుపు జీర తేలింది. చివరికి 7,100కు కాంటా పెడితే, ఆరిపోయిన పత్తి నలభైకి ముప్పై ఎనిమిదే తూగింది. మొత్తం మీద అరవై వేల పైన పోయింది. బండి కదిలాక వాడు నా వైపు చూసి "నువ్వే గదా అన్నా ఆగుమన్నది" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆ పది వేలు అప్పుడు ఎక్కడుంది? మార్కెట్ యార్డులో లేదు, జిన్నింగ్ మిల్లువాడి దగ్గర లేదు. మా తమ్ముడి తలలో, నా తలలో ఉంది. గుంజకు కట్టిన ఎద్దు ఎంత తిరిగినా తాడు పొడవు దాటదు. మా లెక్కలన్నీ ఆ పది వేల చుట్టే తిరిగాయి. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ఒక ప్రయోగం గురించి రాశారు. జాతరలో తిప్పే చక్రం లాంటిదొకటి తిప్పుతారు. అది 10 దగ్గరో, 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చి ఉంటుంది. తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడుగుతారు. చక్రానికీ ఆ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. అయినా 10 చూసినవాళ్లు సుమారు 25 శాతం అన్నారు, 65 చూసినవాళ్లు 45 శాతం అన్నారు. పనికిరాని అంకెకే మనసు అంతగా అంటుకుంటే, మన చేత్తో డబ్బు కట్టి కొన్న రేటుకు ఎంత అంటుకుంటుందో చూడండి.

మీ 4.8 లక్షలు కూడా అలాంటి గుంజే. ఆ అంకె మీ ఫోన్లో ఒక గీతలో ఉంది, మీ గుండెలో ఉంది. రేపు ఆ షేరు కొనబోయే మనిషికి మీరు ఎంతకు కొన్నారన్నదానితో పనిలేదు.

ఇదంతా మీకు కొత్త కాదు, మీ దుకాణంలో మీరు రోజూ చేసేదే. కలుపు మందు డబ్బా మీద గడువు తేదీ దగ్గరపడితే ఏం చేస్తారు? కంపెనీ వెనక్కి తీసుకుంటే పంపిస్తారు, లేకుంటే లాభం వదులుకునైనా ఆ సీజన్‌లోనే అమ్మేస్తారు. "ఇది నేను 900కు తెచ్చాను, 900 వచ్చేదాకా ర్యాక్‌లోంచి తీయను" అని కూర్చోరు. కూర్చుంటే ఆ డబ్బాతో పాటు ఆ ర్యాక్ కూడా పనికిరాకుండా పోతుందని మీకు తెలుసు. అదే చూపుతో ఆ అయిదు షేర్లనూ చూడండి. ఈ రోజు రాత్రి ఎవరో మీ ఖాతాలోని షేర్లన్నీ తీసేసి, 2.7 లక్షల నగదు మీ గల్లాపెట్టెలో పెట్టారనుకోండి. పొద్దున్నే లేచి, రెండు రూపాయల వడ్డీ అప్పు నెత్తిన పెట్టుకుని, ఆ నగదుతో మళ్లీ అవే షేర్లు కొంటారా? నాలుగింటికి మీ జవాబు కొనను అని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. వాటి పేర్లు కూడా మీరు రాయలేదు, "చిన్న కంపెనీలు" అని వదిలేశారు.

మందుల కంపెనీది మీకు తెలిసిన సరుకు. కానీ సరుకు తెలియడం, షేరు ధర సరైనదో కాదో తెలియడం వేరువేరు. ఆ మందు బాగా పోతుంది కాబట్టి షేరు పెరుగుతుందని అనుకుంటున్నారా? అలాగైతే అదే మందు అమ్మే ప్రతి డీలరూ ఈపాటికి కోటీశ్వరుడై ఉండాలి. దాన్ని కూడా అదే ప్రశ్న అడగండి. కొంటాను అని నిజంగా అనిపిస్తే ఉంచుకోండి, 60 వేలే కదా.

ఇక మీరు లాభంలో ఉన్నవి అమ్మి నష్టంలో ఉన్నవి ఉంచుకున్న సంగతి. హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు 1985లోనే దీని మీద రాశారు. తర్వాత టెరెన్స్ ఓడియన్ ఒక అమెరికన్ బ్రోకర్ దగ్గరున్న పదివేల ఖాతాలు తిరగేసి, 1998లో అది నిజమేనని అంకెలతో చూపించాడు. మనిషి లాభాన్ని తొందరగా జేబులో వేసుకుంటాడు, నష్టాన్ని మాత్రం వాయిదా వేస్తాడు. లాభానికి అమ్మితే "నేను సరిగ్గానే ఎంచుకున్నా" అనుకోవచ్చు. నష్టానికి అమ్మితే తప్పు చేశానని ఒప్పుకోవాలి. అమ్మనంతసేపూ అది "ఫోన్లో నష్టం" మాత్రమే. మిమ్మల్నే అడుగుతున్నా, ఉద్దెర పెట్టి మూడేళ్లయినా కట్టని రైతు పేరు ఖాతా పుస్తకంలో ఉంచుకుని, అదీ ఆస్తే అనుకునే దుకాణదారులు మీకు తెలియదా?

ఇప్పుడు ఆప్షన్లు. మీ కథలో నాకు భయం వేసింది ఇక్కడే, పడ్డ షేర్ల దగ్గర కాదు.

కానెమన్, ట్వర్‌స్కీ 1979లో ఇంకో ప్రశ్న గురించి రాశారు. దాన్ని మన రూపాయల్లో చెప్తాను. మీకు ఖాయంగా 3,000 ఇస్తారు. లేదా వందకు ఎనభై వంతుల అవకాశంతో 4,000 వస్తాయి, మిగతా ఇరవై వంతులు ఏమీ రాదు. ఏది కావాలి? వందలో 80 మంది ఖాయమైన 3,000 చాలన్నారు. ఇప్పుడు దాన్నే తిరగేశారు. ఖాయంగా 3,000 పోతాయి. లేదా వందకు ఎనభై వంతులు 4,000 పోతాయి, ఇరవై వంతులు ఏమీ పోదు. ఈసారి వందలో 92 మంది పందేనికే మొగ్గారు. లెక్క వేస్తే పందెంలో సగటున 3,200 పోతుంది, ఖాయంగా పోయేదానికన్నా ఎక్కువే. అయినా ఆ ఇరవై వంతుల ఆశ, "ఏమీ పోకుండా బయటపడతానేమో" అన్న ఆశ, మనిషిని లాగేసింది.

అంటే లాభంలో ఉన్నప్పుడు మనందరం జాగ్రత్తపరులమే. నష్టంలో పడగానే అదే మనిషి పేకాటగాడు అవుతాడు. దుకాణంలో మీరు ఎప్పుడూ ఇంత నష్టంలో పడలేదు, అందుకే అక్కడ మీ లెక్క తప్పలేదు. ఇక్కడ మొదటిసారి గుంటలో పడ్డారు. తెలివి అదే, నిలబడ్డ చోటే మారింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మన పెద్దలు అంటారు. తాళంచెవి పోతే ఆ మాట నిజం. ఆప్షన్లలో వెతకబోతే చేతిలోది కూడా పడిపోతుంది.

ఎంతమందికి పడిపోయిందో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్క కట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన మామూలు మనుషులు కోటికి పైనే. వాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు, మొత్తం 1.8 లక్షల కోట్ల పైన. పెద్ద నగరాలు ముప్పై తీసేస్తే, మిగతా ఊళ్లవాళ్లే ఇందులో 72 శాతానికి పైగా ఉన్నారు. అంటే మనమే. నన్ను ఆపేసిన అంకె మాత్రం ఇంకొకటి: వరుసగా నష్టపోతున్నా, నష్టపోయినవాళ్లలో 75 శాతం పైన ఆట మానలేదు. అవతలి పక్కన లాభం తీసుకుంటున్నది ఎవరు? ఎక్కువగా సొంత డబ్బుతో ట్రేడ్ చేసే పెద్ద సంస్థలు, విదేశీ సంస్థలు. వాళ్ల లాభంలో 95 శాతానికి పైగా కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన బేరాలదే. గిరాకీ మధ్యలో ఒక చేత్తో ఎరువుల బస్తా తూస్తూ, ఇంకో చేత్తో ఫోన్లో ఆప్షన్లు కొంటున్న మీరు వాటితో పోటీ పడ్డారు.

అందుకే ఆప్షన్లకు మాత్రం "కొంచెం తగ్గించండి" అని చెప్పను. మీ బ్రోకర్ యాప్‌లో ఆ సెగ్మెంట్‌నే ఆపేసే వీలుంటుంది. ఈ పేజీ కింద పెట్టకముందే ఆపేయండి.

మీరు ఇందులోకి వచ్చిన దారి గురించి కూడా కొంచెం. స్నేహితుడిని చూసి ఖాతా తెరిచానన్నారు. మీ దుకాణానికి వచ్చే రైతుల్లో సగం మంది ఎలా వస్తారు? ఖాళీ డబ్బానో, ఫోన్లో దాని ఫోటోనో చూపించి "పక్క చేండ్ల ఇదే కొట్టిండ్రు, ఇదే ఇయ్యి" అంటారు. తన చేనులో ఉన్నది ఆ పురుగో కాదో చూసుకుని వచ్చేవాడు ఎంతమందిలో ఒకడు? మీరు నవ్వుకునే ఉంటారు. 2024లో మనవాళ్లు షేర్లు కొన్నదీ అలాగే. ఆ సెప్టెంబర్ చివర్లో నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 26,000 దాటింది. పెళ్లిళ్లలో, బస్టాండ్ హోటళ్లలో, బ్యాంకు క్యూలో ఎక్కడ చూసినా అదే ముచ్చట. తర్వాత నిఫ్టీ వరుసగా అయిదు నెలలు పడింది, 1996 తర్వాత అంత పొడవైన వరుస లేదు. చిన్న కంపెనీల షేర్లు ఇంకా గట్టిగా పడ్డాయి.

కంది గుర్తుందా? 2015లో కందిపప్పు కిలో రెండు వందల దాకా పోయింది. ఆ రేటు చూసి మరుసటి వానాకాలం నారాయణపేట, కొడంగల్ వైపు ఎక్కడ చూసినా కందే. ఒక్క మన దగ్గరే కాదు, దేశమంతా వేశారు. 2017లో పంట మార్కెట్‌కు వచ్చేసరికి రేటు మద్దతు ధర 5,050 కన్నా కిందికి దిగిపోయింది. ఎవరికి వారు చూస్తే వేసిన రైతుది తప్పు నిర్ణయం అనిపించదు. అందరూ ఒకే కారణంతో ఒకే పని చేశారు, ఆ కారణమే లేకుండా పోయింది. షేర్లలో దీనికి పంటకాలం అంత టైమ్ కూడా పట్టదు.

మీరు తెలివితక్కువవాడినా అని బాధపడ్డారు కాబట్టి ఒక మాట. భూమ్యాకర్షణ సూత్రం రాసిన ఐజాక్ న్యూటన్ అప్పట్లో ఇంగ్లాండ్ టంకశాల అధిపతి కూడా. డబ్బు అచ్చువేసే చోటే కూర్చున్నవాడు. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్లు పెరుగుతుంటే లాభానికి అమ్మి బయటికొచ్చాడు. అమ్మాక కూడా అవి పెరుగుతూనే ఉన్నాయి. చూసి చూసి ఉండబట్టలేక, బాగా పైకి పోయాక మళ్లీ కొన్నాడు. ఆ బుడగ పగిలినప్పుడు పెద్ద మొత్తమే పోగొట్టుకున్నాడు.

ఇంకో సంగతి మీరు రాయలేదు, నేనే ఊహిస్తున్నాను. రోజుకు ఎన్నిసార్లు ఆ యాప్ తెరుస్తారు? ముప్పై సార్లా? మీకు ఊళ్లో కొంత భూమి ఉండే ఉంటుంది. దాని రేటు నిమిష నిమిషానికి ఫోన్లో ఎర్రగా, పచ్చగా వెలుగుతూ ఉంటే, "ఈ రోజు మీ ఎకరం నలభై వేలు తగ్గింది" అని చూపిస్తే, మీరు దాన్ని ఇన్నేళ్లు ఉంచుకునేవారా? భూమి ఎప్పుడూ పడదని మనవాళ్లు అంటారు. పడుతుంది, కాకపోతే ఎవరూ చూపించరు. నష్టం కలిగించే బాధ అంతే లాభం ఇచ్చే సంతోషానికి దాదాపు రెండింతలని కానెమన్ వాళ్ల లెక్క. రోజూ చూసేవాడికి సగం రోజులు నష్టమే కనబడుతుంది. సంతోషం ఒక వంతు, బాధ రెండు వంతులు. సాయంత్రానికి మనిషి అలిసిపోయి ఏదో ఒకటి చేయాలనుకుంటాడు. ఆ "ఏదో ఒకటి" ఖరీదైనది. ఓడియన్, బ్రాడ్ బార్బర్ కలిసి 1991 నుంచి 1996 దాకా 66,465 అమెరికన్ కుటుంబాల ఖాతాలు చూస్తే, అందరికన్నా ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు ఏడాదికి 11.4 శాతం మిగిలింది. అదే కాలంలో మార్కెట్ 17.9 శాతం పెరిగింది. ఖాళీగా కూర్చున్నవాడే నయం.

కూర్చోవడమే నయమైతే మీ షేర్లు ఎందుకు అమ్మమంటున్నానని అడగొచ్చు. అప్పు లేకపోతే వేరేలా చెప్పేవాడినేమో. మీ లెక్కనే తీసుకుందాం. 2.7 లక్షలు మళ్లీ 4.8 లక్షలు కావాలంటే దాదాపు 78 శాతం పెరగాలి. ఏడాదికి 12 శాతం పెరుగుతాయని ఉదారంగా వేసుకుందాం. అప్పటికీ అయిదేళ్లు పడుతుంది. రెండు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు, అయిదేళ్లకు 2.4 లక్షలు. షేర్లలో మీకు పోయింది 2.1 లక్షలు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి దానికన్నా ఎక్కువ వడ్డీ కడతారన్నమాట. దుకాణంలో ఈ బేరం ఎవరైనా చెప్తే మీరు చీవాట్లు పెట్టి పంపించేస్తారు.

మరి ఎందుకు కనబడలేదు? మీ తలలో డబ్బు వేర్వేరు డబ్బాల్లో ఉంది కాబట్టి. షేర్లు ఒక డబ్బా, వడ్డీ అప్పు ఇంకో డబ్బా, అమ్మాయి ఎఫ్‌డీ దేవుడి పటం వెనక పెట్టిన డబ్బా. రిచర్డ్ థేలర్ దీన్నే "మనసులోని ఖాతాలు" అన్నట్టుగా వివరించాడు, 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. మా అమ్మ మాత్రం పోపుల డబ్బాలో పాల డబ్బులు, బియ్యం బస్తాలో బడి ఫీజు దాచేది, నోబెల్ ఏమీ రాలేదు. ఆ అలవాటు చెడ్డదని అనను. అమ్మాయి డబ్బు ముట్టకూడదన్న గీత లేకపోతే అది కూడా ఈపాటికి ఆప్షన్లలోకి పోయేది. కానీ ఆ గీతకు మీరు ఎంత కడుతున్నారో కూడా తెలియాలి. ఎఫ్‌డీలో ఏడు శాతం వస్తుందనుకుంటే రెండు లక్షల మీద ఏడాదికి 14 వేలు. అదే రెండు లక్షలకు బయట కట్టేది 48 వేలు. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చకపోవడానికి ఏడాదికి 34 వేలు కడుతున్నారు. షేర్లు అమ్మడానికి మనసు ఏ మాత్రం ఒప్పుకోకపోతే, ఎఫ్‌డీ తీసైనా ముందు ఆ అప్పు మూయండి, తర్వాత నెలకు నాలుగు వేలు వడ్డీ కట్టినట్టే అమ్మాయి పేరు మీద కట్టుకుంటూ రండి. కానీ నా మాట వింటే షేర్లే అమ్మండి.

అమ్మేటప్పుడు నాలుగూ ఒకే రోజు అమ్మండి. వారానికొకటి అమ్మితే నాలుగు వారాలు నాలుగుసార్లు ఏడవాలి. చిన్న కంపెనీలకు కొనేవాళ్లు తక్కువ ఉంటారు, అందుకని లిమిట్ ధర (ఇంతకన్నా తక్కువకు అమ్మను అన్న రేటు) పెట్టి అమ్మండి, ఆ రోజు అమ్ముడుపోనిది మరుసటి రోజు పెట్టండి. అమ్మాక ఆ షేర్ల పేర్లు యాప్ లిస్టులోంచి తీసేయండి. వాటిలో ఒకటి పెరుగుతుంది. తప్పకుండా పెరుగుతుంది, నాలుగింటిలో ఏదో ఒకటి పెరగక మానదు. అది చూసి "అయ్యో" అనుకునే రాత్రి కూడా ఒకటి వస్తుంది. అప్పుడు ఈ ఉత్తరం మళ్లీ తీసి వడ్డీ లెక్క ఒక్కటి చదువుకోండి.

ఆడిటర్‌కు ఆప్షన్ల సంగతి దాచొద్దు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో నష్టాన్ని ఆదాయపు పన్ను చట్టం వ్యాపార నష్టంగానే చూస్తుంది. మీది ఎలాగూ వ్యాపార ఆదాయం. మీరు రిటర్న్ వేసే పద్ధతిని బట్టి అదే ఏడాది దుకాణం లాభంలోంచి దాన్ని తీసేసుకునే వీలుండొచ్చు. షేర్లలో నష్టాన్ని మాత్రం దుకాణం లాభంతో కాదు, షేర్ల లాంటి ఆస్తులు అమ్మగా వచ్చిన లాభంతోనే సరిపెట్టాలి. ఆ ఏడాది లాభం లేకపోతే, రిటర్న్ గడువులోగా వేసినవాళ్లు ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. సిగ్గుపడి చెప్పకపోతే ఆ మాత్రం కూడా రాదు.

మీ ఆవిడ సంగతి. మీరు దాచింది కోపానికి భయపడి కాదనుకుంటాను. ఆమెకు చెప్పిన రోజు ఆ 1.4 లక్షలు నిజంగా పోయినట్టు అవుతుంది, అందుకు. పత్తి గది తలుపు తీసి చూపించడానికి మా తమ్ముడు కూడా అలాగే వెనకాడాడు. కానీ చెప్పని మనిషి ఒంటరిగా నిర్ణయాలు తీసుకుంటాడు, రాత్రి రెండింటికి తీసుకుంటాడు. బ్యాంకులో ఉన్నప్పుడు ఇంట్లో తెలియకుండా అప్పులు చేసిన చాలామందిని చూశాను. ఇంట్లో తెలిశాక గొడవలు అయ్యాయి, నిజమే. కానీ కొత్త అప్పు ఆగింది కూడా ఆ రోజే. మాటల్లో చెప్పడం కష్టమైతే ఒక కాగితం మీద ఎంత తెచ్చారో, ఎంత పోయిందో, ఎంత ఉందో రాసి ఆమె ముందు పెట్టండి. అంకెలు రాయడం మీకు వచ్చిన విద్యే కదా. నిద్ర పట్టకపోవడం ఇంకా సాగితే, మనసులో చెడు ఆలోచనలు వస్తుంటే, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, మాట్లాడటానికి డబ్బులు కట్టక్కర్లేదు.

మళ్లీ షేర్లు ముట్టొద్దా అంటే, అలా అనను. అప్పు తీరాక, దుకాణంలో ఆరు నెలల ఖర్చుకు డబ్బు విడిగా ఉంచుకున్నాక, నెల నెలా కొద్దిగా ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండ్) వేసుకోండి. రేటు చూడకుండా వేసుకోండి. దాని గురించి మార్చి తర్వాత రాయండి, అప్పటికి పత్తి, పల్లీ సీజన్లు అయిపోయి మీకూ తీరిక ఉంటుంది.

ఇప్పటికి ఒక్క పని. వడ్డీ వ్యాపారి దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు, మీ ఆవిడనో బావమరిదినో వెంట తీసుకెళ్లండి. అసలుతో పాటు ఆ రోజు వరకు వడ్డీ ఎంతో ముందే ఫోన్లో అడిగి, అంత ఖాతాలో ఉంచుకుని వెళ్లండి. డబ్బు బ్యాంకు నుంచే పంపండి. ఇరవై వేలు, అంతకు మించిన అప్పు నగదుగా తీర్చడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. మీరు సంతకం పెట్టిన ప్రోనోటు, ఖాళీ చెక్కులు ఏవైనా ఇచ్చి ఉంటే అవి కూడా అడగండి. "బీరువాల ఉన్నయి, రేపు పంపిస్త" అంటారు. పర్లేదు, కూర్చుంటాం అనండి. అవి చేతికి వచ్చాకే అక్కడి నుంచి లేవండి.